మూత బిగించిన సీసా

మా అమ్మ ఆవకాయ సీసా ఇన్నేళ్లకు మా ఇంటికి తిరిగొచ్చింది. పోయిన వస్తువు దొరికితే ఎవరైనా సంతోషిస్తారు. నేను మాత్రం దాన్ని చూడగానే కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. లోపల ఆవకాయ లేదు. మసకబారిన నీళ్లు, అడుగున బూడిదరంగు రజను, ఆ రజను మధ్యలో నిలబెట్టిన ఇంకో చిన్న గాజు బుడ్డి. మూత చుట్టూ గాయాలకు వేసే ప్లాస్టరు పొరలు పొరలుగా చుట్టి ఉంది. దాని మీద పెన్నుతో "చందానగర్ పాపది" అని రాసి ఉంది. ఆ పాప నేనే. ఇప్పుడు మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకునే పాపను.

తెచ్చినామె మా డాక్టరమ్మగారి తమ్ముడి కూతురు. "మా అత్త పోయిన నెల చనిపోయింది. ఈ సీసా ఇంకెవరికీ ఇవ్వొద్దు, ఎవరిదో వాళ్లకే ఇమ్మని చెప్పింది" అంది. కాఫీ ఇస్తానంటే వద్దంది. సీసా వైపు చూడకుండానే చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక నేను ఏడవాలి. కానీ ముందు చేసిన పని మూత గట్టిగా ఉందో లేదో తిప్పి చూడడం. ఆవిడ దగ్గర పనిచేసినవాళ్లకు ఆ జబ్బు జన్మలో పోదు.

తొంభైల చివర కొండాపూర్ రోడ్డు మీద ఆవిడకు పళ్ల ఆసుపత్రి ఉండేది. ఆసుపత్రి అనడం మర్యాద కోసం. ముందు ఒక మల్గీ, అంటే షట్టరున్న కొట్టు, వెనక ఒక గది, అంతే. మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద భవనం అప్పుడే లేచింది. దాని చుట్టూ మాత్రం ఇంకా తుమ్మకంపలూ రాతిగుట్టలే. ఊరు ఊరంతా కంప్యూటర్ నేర్చుకుంటోందని నేనూ పొద్దున అమీర్‌పేటలో క్లాసుకు పోయి, మధ్యాహ్నం నుంచి ఆవిడ దగ్గర కూర్చుని పేషెంట్ల పేర్లు పిలిచేదాన్ని. మాది తెనాలి. నాన్నగారి గవర్నమెంటు ఉద్యోగం మమ్మల్ని చందానగర్‌లో పడేసింది. ఆవిడది ప్రొద్దుటూరు.

ప్రొద్దుటూరు అంటే బంగారం వ్యాపారం. ఆ ఊరినుంచి వచ్చి ఒంటిమీద పిసరంత బంగారం లేని ఆడమనిషిని నేను ఆవిడనే చూశాను. చెవులకు కుట్టిన రంధ్రాలు కూడా పూడుకుపోయాయి. మెడలో నల్లపూసలు, వాటికి పసుపుతాడు. మా అమ్మ ఒకసారి పన్ను చూపించుకోవడానికి వచ్చి ఉండబట్టలేక అడిగింది.

"మీ వారు ఏం చేస్తారండీ?"

"కడపలో కాలేజీలో చెప్తాడు."

"మరి మెడలో..."

"బంగారం నాకు పడదు" అంది ఆవిడ, మా అమ్మ నోట్లో అద్దం పెట్టి ఇంక మాట్లాడకుండా చేసి. బంగారం పడకపోవడం ఏమిటని మా అమ్మ ఇంటికి వచ్చాక కూడా చాలాసేపు గొణిగింది.

ఆవిడ రాగానే చేసే పని ఒకటుంది. స్టీలు గ్లాసులో అంచుదాకా నీళ్లు నింపి, చాచిన అరచేతిలో పెట్టుకుని, కిటికీ దగ్గర నిలబడేది. ఆ నీళ్లనే చూసేది. రెప్ప వేసేది కాదు. మొదటిరోజు సూర్యుడికి దండం అనుకున్నాను. కానీ సూర్యుడు ఆ కిటికీ వైపు వచ్చే వేళ కాదు. అడిగితే, "చేయి వణుకుతాదేమో చూసుకుంటాండా మే" అంది, వాళ్ల ఊళ్లో ఆడపిల్లను పిలిచే పిలుపుతో.

"మీకప్పుడే అంత వయసేం వచ్చింది మేడమ్?"

"వయసుకు వణికే వణుకు కాదు ఇది."

ఇంతకుమించి చెప్పలేదు. ఆవిడ మాటలన్నీ అంతే, సగంలో తలుపు వేసేసేది.

మధ్యాహ్నం పూట గుట్టల వైపు విజిల్ ఊదేవారు. కాసేపటికి బండలు పేలేవి. మా షట్టరు గడగడలాడేది. ట్రేలో పనిముట్లు ఒకదానికొకటి తగిలి పళ్లు కొరికినట్టు చప్పుడు చేసేవి. ఆ సమయానికి గ్లాసు ఆవిడ చేతిలో ఉంటే నీళ్ల మీద సన్నగా ముడతలు లేచేవి. ఆవిడ నావైపు తిరిగి అడిగేది.

"ఇది నేలా, నా చేయా?"

"నేలే మేడమ్" అనేదాన్ని. ఆ మాట వినేదాకా ఆవిడ ఊపిరి బిగబట్టే ఉండేది. ఇదేదో చాదస్తమని మొదట్లో నవ్వుకున్నాను. నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు, ఎందుకంటే నేలలో నిజంగానే ఒకటుంది.

ఆ గదిలో ఆవిడకంటే ముందు ఇంకో పళ్ల డాక్టరు ఉండేవాడట. మేమెవరం ఆయన్ని చూడలేదు. ఆ రోజుల్లో పుచ్చిన పంటికి పెట్టే వెండి సిమెంటులో సగం పాదరసమే. వెండిపొడిలో పాదరసం పోసి చిన్న కల్వంలో నూరి, ఆ ముద్దను గుడ్డలో వేసి పిండేవారు. ఎక్కువైన పాదరసం చుక్కలుగా రాలేది. ఆ పాత డాక్టరు ఆ చుక్కల్ని నేలమీదికి విదిల్చి ఊరుకున్నాడు. కింద షాబాద్ బండలు. బండల సందుల్లోకి అదంతా దిగింది. ఆయన వెళ్లిపోయాడు, అది మాత్రం వెళ్లలేదు.

గుట్ట పేలినప్పుడల్లా అది పైకి వచ్చేది. ముందురోజు శుభ్రంగా ఉన్న చోట మర్నాడు ఆవగింజంత మెరుపు కనిపించేది. వాసన లేదు, చప్పుడు లేదు. కాలి అదురుకు కదిలి, ఇంకో గింజను తాకి, రెండూ ఒకటై, ఇంకా లావుగా, బండ వాలిన వైపు నెమ్మదిగా జారేది. ఎవరో లోపలినుంచి తోసినట్టే ఉండేది. మధ్యాహ్నం ఒంటరిగా కూర్చున్నప్పుడు నేను కాళ్లు కుర్చీ మీదికి తీసుకునేదాన్ని.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆవిడ షట్టరు సగం దించేది. లైట్లు ఆర్పించేది. వెనక కిటికీ బార్లా తీసి, నేలమీద మోకాళ్లూని, టార్చిలైటు బండకు ఆనించి వెలిగించేది. "పైనుంచి వెలుతురు పడితే దొరకదు. పక్కనుంచి పడితేనే బయటపడతాది" అనేది. నిజమే. ఆ వెలుతురు నేలను రాసుకుంటూ పోగానే మూలమూలనా చిన్న చిన్న కళ్లు తెరుచుకునేవి. ఆవిడ గట్టి అట్టముక్కతో వాటిని ఒకచోటికి తోసి, మందుచుక్కలు వేసే గొట్టంతో పీల్చి సీసాలో వదిలేది. చేతికి అందని సందుల్లో గంధకం పొడి చల్లేది. గంధకం తగిలితే అది ముడుచుకుపోయి కదలకుండా ఉంటుందట. చీపురు మాత్రం ముట్టనిచ్చేది కాదు. "ఊడ్చితే ఒకటి వెయ్యవుతాది మే" అనేది.

సగం దించిన షట్టరు, చీకట్లో పాకే వెలుతురు, నేలమీద పసుపురంగు పొడి. బయటినుంచి చూసేవాళ్లకు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పక్కనే టైర్లకు పంక్చర్లు వేసే అతను ఒకరోజు నన్ను ఆపాడు.

"లోపట ఏం నడుస్తుందమ్మా, పూజనా?"

"పాదరసం ఏరుతున్నారు."

"పాదరసం పూజనా" అని తల ఊపి, ఆ సాయంత్రం నుంచి మా గుమ్మం ముందు నడవడం మానేశాడు. టైరు దొర్లించుకుంటూ రోడ్డు అవతలి నుంచి చుట్టి వచ్చేవాడు. నేను ఆవిడకు చెబితే, "వాళ్లకు చెప్పి ప్రయోజనం ఏముందిలే" అంది. ఎవరికీ ఏదీ విప్పి చెప్పదు. ముట్టుకోవద్దు, తొక్కొద్దు, మూత పెట్టు. అంతే.

సీసా కథ ఇక్కడిదే. గట్టి మూత ఉన్నది కావాలంటే మా ఇంట్లో నుంచి ఆవకాయ సీసా ఎత్తుకొచ్చాను. మా అమ్మ ఆ వేసవంతా నాతో సరిగా మాట్లాడలేదు. ఏరిన పాదరసం, గుడ్డలో మిగిలిన ముద్దలు, పీకిన పళ్లలోని పాత సిమెంటు ముక్కలు, అన్నీ ఆ సీసాలోకే. పైన ఎక్స్‌రే ఫిల్ములు కడగగా మిగిలిన మందునీళ్లు పోసేది. "దానికి ఊపిరి ఉండాది మే. మన కంటికి కనపడదు. నీళ్ల కింద ఉంటే ఊపిరి తీయలేదు" అని చెప్పింది, అదే ఎక్కువన్నట్టు. ఆ సీసా మధ్యలో ఒక చిన్న గాజు బుడ్డి కూడా పెట్టింది. బుడ్డిలో గుండ్రటి తెల్లని బిళ్లలు రెండు.

"వెండివా మేడమ్?"

"కాదు."

మళ్లీ తలుపు వేసేసింది.

పేషెంటు నోట్లో చేయి పెట్టి ఉండగా కూడా ఉన్నట్టుండి, "మూత బిగించినావా?" అని అడిగేది. ఊరికి వెళ్లినప్పుడు ప్రొద్దుటూరు నుంచి టెలిఫోన్ చేసి అదే అడిగేది. నా క్షేమం ఒక్కసారీ అడగలేదు. అంత భయమైతే ఆ సిమెంటు వాడడం ఎందుకని నేనొకసారి ఎదురడిగాను. "పంట్లో గట్టిపడినాక దానికి భయం లేదు. నోట్లో ఉండేదానికి కాదు మే నేను భయపడేది, బయట మిగిలేదానికి" అంది. నా దవడ పంటికి కూడా తనే పెట్టింది. అది ఇప్పటికీ ఉంది.

సీసా నిండుతుంటే దాన్ని ఎవరికి అప్పగించాలో తెలియలేదు. జీడిమెట్లలో ఎవరో పాదరసం శుద్ధి చేస్తారని విని బస్సులో బయల్దేరాం. సీసాను ఒళ్లో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. "పచ్చడా అమ్మా?" అని కండక్టరు అడిగితే, "కాదు నాయనా. కొంచెం పక్కకు జరుగు" అంది. అక్కడ గేటు దగ్గర పెద్దమనిషి మమ్మల్ని వింతగా చూసి, "ఇంత దానికి లోపలిదాకా ఎందుకమ్మా, ఎనకాల నాలా ఉంది, పోసి పోండి" అన్నాడు. ఆవిడ సీసా మీద కొంగు కప్పి వెనక్కి తిరిగింది. బస్సులో దారంతా కిటికీలోంచి ఆ నాలానే చూస్తూ కూర్చుంది. నాకెందుకో ఏడుపొచ్చింది.

అంజమ్మ సంగతి చెప్పాలి. మా గదిలో తడిగుడ్డ పెట్టి తుడిచేది. ఆమె భర్త మల్లేశ్ గుట్ట మీద పనిచేసేవాడు. బండకు బెజ్జాలు పెట్టి మందు కూరే పని. నెలల బిడ్డను పక్కింటి ముసలమ్మకు అప్పగించి అంజమ్మ పనికి వచ్చేది. విజిల్ వినపడగానే ఎక్కడిగుడ్డ అక్కడ వదిలి పుస్తెలు గుప్పిట్లో పట్టుకునేది. పేలుడు అయ్యాక, అందరూ క్షేమంగా దిగారని రెండో విజిల్ ఊదేవారు. అది వినేదాకా గుప్పిలి విప్పేది కాదు. సాయంత్రం ఆవిడ టార్చి పట్టుకుని పాకుతుంటే అంజమ్మ గడప దగ్గర కొంగు నెత్తిన వేసుకుని చూసేది. ఒకసారి చేతులు జోడించింది కూడా. నేను నవ్వాను.

ఒకరోజు అంజమ్మ పనివేళకు వచ్చి లోపలికి రాలేదు. మెట్టు కిందే నిలబడింది. మెడలో పుస్తెలు లేవు. వాటి చోట పసుపుదారానికి పసుపుకొమ్ము కట్టుకుని ఉంది. పుస్తెలు బాగుకు ఇచ్చినప్పుడు మెడ బోసిగా ఉండకూడదని అలా కట్టుకుంటారు.

"మేడమ్‌కు జెప్పక్కా, ఇయ్యాల రాను" అంది. గొంతు తగ్గించింది. "పుస్తెలు తెల్లగైనయి. పొద్దుగాల లేసి సూస్తే పచ్చదనమే లేదు. ఆయనకేమో అయితదని ముసలమ్మ జెప్పింది. తలుపులేసి నిప్పుల మీద కాలిస్తే దోషం పోతదట. విజిల్ ఊదకముందే చెయ్యాలె."

ఆమె వెళ్లిపోయింది. బంగారం తెల్లబడడం నేనెప్పుడూ వినలేదు. లోపలికి వెళ్లి ఆవిడతో చెప్పాను. ఆవిడ ఒక కంపెనీ కుర్రాడి పన్ను తొలుస్తోంది. మిషను ఆపింది.

"ఎట్ల తెల్లగైనాయంట? వెండి మాదిరా?"

"తెల్లగా అనే చెప్పింది మేడమ్. పచ్చదనమే లేదంది."

"ఎప్పుడు కాలుస్తాదంట?"

"ఇప్పుడే. ఇంటికెళ్లగానే."

ఆవిడ కుర్రాడితో "నోరు మూయాకు నాయనా, వస్తా" అని చెప్పి, గ్లవ్స్ కూడా తీయకుండా నా మోపెడ్ వెనక ఎక్కింది. రోగిని కుర్చీలో వదిలి ఆవిడ గడప దాటడం నేను చూసింది అదొక్కసారే.

గుట్ట కింద రేకుల గదులు. అంజమ్మ గది తలుపు లోపల గడియ వేసి ఉంది. లోపలినుంచి పంపు స్టవ్వు బుస వినపడుతోంది. ఆవిడ రెండు చేతులతో తలుపు బాదింది.

"అంజమ్మా, స్టవ్వు ఆపు. తలుపు తీ."

"అయినంక తీస్త డాక్టరమ్మా."

"బిడ్డ యాడుంది?"

"ఈన్నే ఉంది. ఉయ్యాలల పండుకుంది."

ఆవిడ భుజంతో తోస్తే రేకుల తలుపు గడియ ఊడింది. లోపల కిటికీ లేదు. స్టవ్వు మీద ఇనుప గరిటె, గరిటెలో తెల్లని పుస్తెలు రెండు. పైన చీరతో కట్టిన ఉయ్యాలలో బిడ్డ. "బిడ్డను ఎత్తుకుని బయటికి పో మే. గాలి పీల్చాకు" అంది. ఊపిరి బిగబట్టి బిడ్డను లాక్కుని బయటపడ్డాను. నా వెనక స్టవ్వు బుస ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆవిడ అన్నం గిన్నె మూత గరిటె మీద బోర్లించి, కొంగుతో పట్టుకుని బయటికి వస్తోంది. అంజమ్మ ఆమె మోచేయి పట్టుకుని వేలాడుతోంది.

"జర ఆగు డాక్టరమ్మా, పచ్చగ కానియ్యి. ఆయన గుట్ట మీదున్నడు. నీ కాళ్లు మొక్కుత."

అప్పుడే విజిల్ ఊదారు. అంజమ్మ చేయి అలవాటుగా మెడ దగ్గరికి పోయింది. అక్కడ పసుపుకొమ్ము మాత్రమే ఉంది. ఆమె నేలమీద కూలబడింది.

ఆవిడ మూతపెట్టిన గరిటెను ఒక రాతి మీద పెట్టి, అంజమ్మ ఎదురుగా కూర్చుంది. "నా గదిలోని గింజ తీసుకున్నావా?" అని అడిగింది, కోపం లేకుండా.

"తీసుకున్న" అంది అంజమ్మ. "ఒక్కటే. తమలపాకుల సుట్టి జాకెట్ల పుస్తెల కాడ పెట్టుకున్న."

"ఎందుకు?"

"నువ్వు దినాం దీపం పట్టుకొని దాన్ని ఎతుకుతవు. పసుపు జల్లుతవు. కాలు తగలనియ్యవు. సీసాల పెట్టి తాళమేస్తవు. బంగారాన్ని సుత గంత పైలంగ ఎవలు సూడరు. అండ్ల దేవుడున్నడనుకున్న. మా ఆయనను సల్లగ సూస్తడని పెట్టుకున్న."

అంతకాలం ఆవిడ జాగ్రత్తగా మూసిపెట్టినదంతా ఆ ఒక్క మాటకు తెరుచుకుంది. నాకు మాత్రం గడప దగ్గర జోడించిన ఆ చేతులు గుర్తొచ్చాయి.

గుట్ట పేలింది. రేకుల మీద చిన్న రాళ్లు టపటపా పడ్డాయి. దుమ్ము లేచి గుట్టే కనపడకుండా పోయింది. మేం రెండో విజిల్ కోసం చూశాం. రాలేదు. బిడ్డ నా భుజం మీద నిద్రపోతూనే ఉంది. "ఇంకో విజిల్ రాలే" అంది అంజమ్మ. మళ్లీ, "రాలే" అంది. ఆమె కళ్లు గరిటె మీదే ఉన్నాయి. ఇంకో క్షణం ఉంటే లేచి వెళ్లి స్టవ్వు వెలిగించేదే.

"ఆయన వచ్చేదాకా నేను ఈడ్నే కూర్చుంటా" అంది ఆవిడ. అంజమ్మ చేయి తన చేతుల్లోకి తీసుకుని చెప్పడం మొదలుపెట్టింది. "మా అమ్మవీ ఇట్లనే తెల్లగైనాయి అంజమ్మా. మా నాయనది పూతపని. బంగారంలో పాదరసం కలిపి, వెండి నగలకు పూసి, తలుపులేసుకుని కాల్చేవాడు. అమ్మ గొట్టం పెట్టి నిప్పు ఊదేది. పాదరసం అంటుకుని తాళిబొట్లు తెల్లబడితే నాయన వాటినీ నిప్పులో పెట్టి, పచ్చగా చేసి మళ్లా కట్టేవాడు. మళ్లా తెల్లబడేవి. మళ్లా కాల్చేవాడు. దోషం పోతాంది అనుకునేవాడు. అది పోలేదు, పొగయి అమ్మ లోపలికి దిగింది. కడాకు నీళ్లగ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. అమ్మ పోయినాక, నాయన మళ్లా కాల్చకముందే నేను వాటిని దాచినా. ఈమెకు చూపించని రోజు లేదు, చెప్పలేదు అంతే." ఈమె అంటే నేను. ఆ బుడ్డిలోని బిళ్లలు ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

"అది మొగున్ని తీసుకుపోయేది కాదు" అంది. "కాల్చినోళ్లనూ, ఆ గదిలో గాలి పీల్చినోళ్లనూ తీసుకుపోతాది. నిన్నూ బిడ్డనూ."

అంజమ్మ వింటోందో లేదో తెలియలేదు. దుమ్ములోంచి ఒక ఆకారం దిగి వస్తోంది. తల, కనుబొమలు, పెదాలు, చేతులు, అన్నీ తెలుపు. ఎక్కడా మనిషి రంగు లేదు. గరిటెలో ఉన్న తెలుపే. అంజమ్మ కేక వేయలేదు. మెడ దగ్గర పసుపుకొమ్మును గుప్పిట్లో నలిపేసింది. ఆ ఆకారం మా ముందుకు వచ్చి ఆగింది, భుజం మీద తువ్వాలు తీసి ముఖం తుడుచుకుంది. కింద నల్లటి, మామూలు, చెమటపట్టిన ముఖం.

"ఏందే, అందరు గిట్ల కూసున్నరు? బిడ్డకేమన్న అయిందా?" అన్నాడు మల్లేశ్.

"విజిల్ ఏమాయె?" అంది అంజమ్మ.

"ఊదెటోడు అన్నం తినవోయిండు."

అంజమ్మ అప్పుడు ఏడ్చింది. ఆవిడ కూడా ఏడ్చింది. మల్లేశ్ బిత్తరపోయి నావైపు చూశాడు.

తల్లినీ బిడ్డనూ ఆవిడే పెద్ద దవాఖానకు తీసుకెళ్లి చూపించింది. ఏమీ కాలేదన్నారు. ఆ వారమే ప్రొద్దుటూరు పోయి కొత్త పుస్తెలు చేయించి తెచ్చి అంజమ్మకు ఇచ్చింది. తెల్లబడ్డవి బుడ్డిలో చేరాయి. గుట్ట దగ్గర్నుంచి మేం తిరిగి వచ్చేసరికి ఆ కంపెనీ కుర్రాడు లేడు. కుర్చీ మీద దూదిముక్క ఒకటి ఉంది.

ఆ రోజు తర్వాత ఆవిడ తలుపు వేయడం మానేసింది. వచ్చిన ప్రతి పేషెంటుకూ పాదరసం గురించి చెప్పేది. వినలేక కొందరు రావడం మానేశారు కూడా. పంక్చర్లతన్ని పిలిచి టార్చి అతని చేతికే ఇచ్చింది. అతను నేలకు చెంప ఆనించి ఒక్కో గింజనూ చూపిస్తూ, "అగో, ఆడొకటుందమ్మా" అంటుంటే షట్టరు పూర్తిగా ఎత్తే ఉంది. తర్వాత బండల సందులన్నీ సిమెంటుతో పూడ్పించింది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ మల్గీ పోయింది. ఆవిడ సీసాతో సహా తన ఊరు చేరింది. చాలా ఏళ్లకు ఒకసారి వెళ్లి చూశాను. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే లేచి, గ్లాసులో అంచుదాకా నీళ్లు నింపి, అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. నీళ్ల మీద ముడతలు లేచాయి. ఒకటి ఆగకముందే ఇంకొకటి. నీళ్లు గ్లాసు అంచు దాటి ఆమె మణికట్టు మీదుగా కారాయి. ఆ ఊళ్లో గుట్టలు పేల్చేవాళ్లు ఎవరూ లేరు.

"ఇది నేలా, నా చేయా?" అని అడిగింది.

"నేలే మేడమ్" అన్నాను.

ఆవిడ నవ్వింది. నా అబద్ధానికి నవ్విందని నాకు తెలుసు. ఎంత దాచుకున్నా అది ఎప్పుడో, ఎక్కడో ఆవిడ లోపలికి కూడా దారి చేసుకుంది. తల్లి ఊదిన ఆ గదిలోనే, చిన్నప్పుడే పట్టుకుందో ఏమో. బస్సు ఎక్కేదాకా ఆపుకున్న ఏడుపు బస్సు కదలగానే వచ్చేసింది.

మొన్నటిదాకా సీసా నా బల్ల మీదే ఉంది. నిన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో మాదాపూర్ వెళ్లాను. నేను పళ్లు చూపించుకునే చోట ఇలాంటివాటికి వేరే డబ్బా ఉందని ఇంతకుముందే గమనించాను. గుట్టలు ఉన్న చోటంతా ఇప్పుడు అద్దాల మేడలే. ఆ మేడల్లో ఒకదాని మీది అంతస్తు. అక్కడి డాక్టరు చిన్నపిల్ల. సీసాను వెలుతురుకు పట్టి చూసింది. తీసుకెళ్లేవాళ్లు వస్తారని, మూసిన పాత్రలో వేడిచేసి పాదరసాన్ని పొగ బయటికి పోకుండా పట్టి, వెండిని వేరు చేస్తారని, రెండూ మళ్లీ వాడతారని చెప్పింది. ఒళ్లో సీసాతో జీడిమెట్ల నుంచి తిరిగొచ్చిన ఆ మధ్యాహ్నం, ఈ నాలుగు మాటలు చెప్పేవాళ్లు ఒక్కరూ లేకపోయారు.

"లోపల చిన్న సీసాలో బిళ్లలు ఉన్నాయి ఆంటీ" అంది ఆ పిల్ల. "నాలుగున్నాయి. పుస్తెల్లా ఉన్నాయే. మీవేనా? తీసిచ్చేదా? జస్ట్ కొంచెం వేడి చేస్తే బంగారం రంగు వచ్చేస్తుంది."

ఆమె వేళ్లు ప్లాస్టరు అంచు పట్టుకున్నాయి. గది తలుపు మూసి ఉంది, ఏసీ నడుస్తోంది. నేను కుర్చీలోంచి లేవలేదు, చేయి చాచలేదు. నోరు దానంతటది తెరుచుకుంది.

"మూత తీయాకు మే."

ఆ పిల్ల బెదిరి చేయి వెనక్కి తీసుకుంది. నాది తెనాలి. ఆ యాస నేను పుట్టి ఎప్పుడూ మాట్లాడలేదు.